వానలు పడేలోపు రావాల్సిన ప్రమాణం

మా మరిదికి కరెంటు కొట్టిన రోజు మూడు రోజుల ముసురు ఇంకా విడవలేదు. నేను కాలేజీకి బయలుదేరి హన్మకొండలో ఆటో కోసం నిలబడి ఉన్నాను. చెల్లె ఫోన్ చేసింది. మాట సరిగ్గా రావడం లేదు.

"అక్కా, ఈయనకు కరెంటు కొట్టింది. వరంగల్ తీస్కస్తాన్నం. నువ్వు దవాఖానకు రా."

"మాట్లాడుతాండా?"

"మాట్లాడుతాండు. గని చెయ్యి మాడిపోయింది."

చెల్లెను తొర్రూరు దగ్గర ఒక ఊరికి ఇచ్చాం. పత్తి, వరి వ్యవసాయం. ఆ పొద్దున మరిది మోటరు బందు చేద్దామని బోరు దగ్గరికి వెళ్లాడు. మోటరు స్విచ్‌లుండే స్టార్టర్ డబ్బా తలుపు పట్టుకోగానే చెయ్యి అతుక్కుపోయింది. కాళ్ల కింద బురద ఉండబట్టి జారి వెనక్కి పడ్డాడు. ఆ పడడమే అతన్ని బతికించింది. దవాఖానలో మంచం మీద కట్టుతో ఉన్న చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, తప్పు తనదే అన్నట్టు చెప్పాడు.

"లోపల చెయ్యి పెట్టలేదు వదినె. తలుపు తీస్తాంటెనే పట్టుకున్నది."

కుడిచేతి రెండు వేళ్లు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవు. అన్నం ముద్ద కలిపేటప్పుడు ఆ వేళ్లు పక్కకు నిలబడి ఉంటాయి.

నేను వరంగల్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ పాఠాలు చెబుతాను. ఆ డబ్బాలు నాకు కొత్త కాదు. పల్చటి ఇనుప రేకు, ఒక వానకాలం గడిస్తే తుప్పు. తలుపు అంచు తగిలి తగిలి వైరు మీది తొడుగు అరిగిపోతుంది. ఎర్త్ వైరు కడితే కడతారు, లేకపోతే లేదు. ఎర్త్ ఎందుకు కట్టాలో బోర్డు మీద బొమ్మ గీసి ఏటా చెబుతున్నాను. సొంత చెల్లె పొలంలో ఉన్న డబ్బా వైపు మాత్రం ఒక్కసారి కూడా అట్లా చూడలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఒక కమిటీలో కూర్చోమని పిలుపొచ్చింది. రైతులకు ప్రభుత్వం కొత్త స్టార్టర్ డబ్బాలు ఇవ్వాలనుకుంటోంది, వాటికి ఒక ప్రమాణం రాయాలి. డబ్బా దేనితో చేయాలి, ఎంత మందం ఉండాలి, ఏ పరీక్షకు నిలబడితే మంచిదని ఒప్పుకోవాలి, ఇవన్నీ రాసి పెట్టే కొద్ది పేజీల కాగితం అది. అది లేకపోతే ఎవరికి తోచిన డబ్బా వాళ్లు చేసి అంటగడతారు. మా కాలేజీలో పరీక్షలు చేసే ల్యాబ్ ఉంది కాబట్టి నన్ను పిలిచారు. మరిది వేళ్లు చూస్తున్న దాన్ని, ఒక్క క్షణం ఆలోచించకుండా ఒప్పుకున్నాను.

కమిటీకి పెద్ద, కరెంటు శాఖలో పనిచేసి రిటైరైన ఇంజనీరు. అందరం ఆయన్ని పెద్దసారు అనేవాళ్లం. మీటింగులు పెట్టి, గడువులు చూసుకునే బాధ్యత ఒక మహిళా అధికారిది. డబ్బాలు తయారుచేసే వాళ్ల తరఫున ఒకాయన వచ్చేవాడు. ఇంకొందరు వచ్చి పోయేవాళ్లు. ఎక్కువ మీటింగులు ఫోను తెర మీదే జరిగేవి, కొన్నిటికి హైదరాబాద్ పోయేవాళ్లం.

పెద్దసారుకు తొందర అనేది తెలియదు. ఒక మీటింగ్ అంతా ఒక్క మాట మీద గడిచింది. 'తడి తగిలే చోట' అని రాయాలా, 'వాన పడే చోట' అని రాయాలా అని.  బయట ఆకాశం మబ్బు పడితే చాలు, ఈ పూట ఎంతమంది ఆ ఇనుప తలుపులు తీస్తున్నారో అని లెక్కేసుకునే రోజులవి.

ఉండబట్టలేక అనేశాను. "సార్, మనం ఇక్కడ మాట కోసం వెతుకుతుంటే అక్కడ వాళ్లు ఆ డబ్బాలే ముట్టుకుంటున్నరు."

ఆయన కోప్పడలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"నీ బాధ నాకు తెలుసమ్మా. కానీ ఈ మాటను రేపు ఫ్యాక్టరీల ఒకడు చదువుతడు. పరీక్ష చేసేటోడు చదువుతడు. కోర్టుల వకీలు చదువుతడు. ముగ్గురికి ఒక్కటే అర్థం కావాలె. కాకపోతే ఆ సందుల నుంచి నాసిరకం డబ్బా దూరుతది."

నాకు ఆ రోజు ఆ మాట సాకులాగే వినబడింది.

ప్రమాణంలో నేను పట్టుబట్టి పెట్టించింది ఒకటుంది. లీకేజీ స్విచ్. కరెంటు వెళ్లాల్సిన దారి తప్పి, మనిషి ఒంట్లోంచో తడి గోడలోంచో భూమిలోకి పోతోందనుకోండి, ఆ స్విచ్ పసిగట్టి రెప్పపాటులో లైను తెంపేస్తుంది. ఇళ్లలో పెట్టుకునేదే. ఎంత తక్కువ కరెంటు దారి తప్పినా తెగేటట్టు ఉండాలని నేనన్నాను. తయారీదారుల తరఫు ఆయన ముఖం చిట్లించాడు కానీ గట్టిగా కాదనలేదు. మా ల్యాబ్‌లో నీళ్లు చిమ్మాం, వైరు కావాలని ఎర్త్‌కి తగిలించాం, ప్రతిసారీ అది టక్కున తెగింది. ఆ చప్పుడు వింటే నాకు ప్రాణం కుదుటపడేది.

యాసంగి పంట చివర్లో ఆ అధికారి అందరికీ చెప్పింది. "వానలు పడేలోపు కొనుగోలు మొదలు కావాలె. ఈ ఎండాకాలంలోనే ప్రమాణం మీద సంతకాలు అయిపోవాలె. ఇగ మార్పులు వద్దు." అందరికంటే ఎక్కువ సంతోషపడింది నేనే.

అప్పటికే కమిటీ ఒప్పుకోలుతో ఒక నమూనా డబ్బాను చెల్లె పొలంలో పెట్టించాను. తెల్లటి ప్లాస్టిక్ డబ్బా, లోపల లీకేజీ స్విచ్. తలుపు తీస్తే మోటరుకు పోయే కరెంటు దానంతటదే ఆగిపోతుంది, స్తంభం నుంచి డబ్బాలోకి వచ్చే వైరులో మాత్రం ఉంటుంది. ఎట్లా పనిచేస్తోందని ఫోన్ చేసినప్పుడల్లా చెల్లె "మంచిగున్నదక్కా, ఫికర్ చెయ్యకు" అనేది. సంతకాల మీటింగ్‌కు వారం ముందు, ఎందుకైనా మంచిదని నేనే వెళ్లి చూద్దామని తొర్రూరు బస్సెక్కాను. ముందు రోజు సాయంత్రం గాలివాన వచ్చి వెళ్లింది. దారి పొడుగునా మామిడికాయలు రాలి ఉన్నాయి.

మోటరు నడుస్తోంది. వరి గింజ పాలు పోసుకునే దశలో ఉంది. మరిది నన్ను చూసి నవ్వాడు కానీ డబ్బా దగ్గరికి నాతో రాలేదు. గట్టు మీదే ఆగిపోయాడు. తలుపు తీస్తే కరెంటు ఆగింది, అది బాగానే ఉంది. లోపల చూశాను. లీకేజీ స్విచ్ ఉన్నచోటనే ఉంది, కానీ దాని పక్క నుంచి ఒక ఎర్ర వైరు ముక్క ఈ కొన నుంచి ఆ కొనకు కట్టి ఉంది. కరెంటు ఆ స్విచ్‌లోంచి పోవడం లేదు. స్విచ్ ఉత్త బొమ్మ.

"ఎవరు కలిపిన్రు ఇది?" అన్నాను.

మరిది తల దించుకున్నాడు. "నేనే వదినె."

"నీకు కొట్టిందే గద. నువ్వే కలిపినవా?"

"పొద్దుగాల జర మంచు పడితే చాలు, ఆ స్విచ్ పడిపోయి మోటరు ఆగుతాంది. పెడితే మల్ల పడిపోతాంది. పొద్దంత గిదే పని. పొలం నెర్రెలు వాసింది. ఏంజెయ్యాలె?"

"మల్ల కొడితే?"

"భయం లేదనుకున్నవా? ఇప్పటికి గుడ తలుపు ముట్టేముందు చెప్పులేసుకుంట. గని పొలం కండ్ల ముంగట ఎండుతాంటె చూసుకుంట ఎట్ల కూసుంట?"

చెల్లె నీళ్ల చెంబు పట్టుకొచ్చి మా మధ్య నిలబడింది. ఆమె వైపు తిరిగాను.

"ఫోన్ల మంచిగున్నదని చెప్పినవ్ గదనే?"

"నువ్వు గంత కష్టపడి పెట్టిస్తివి. పనిచేస్తలేదంటె నువ్వు బాధపడ్తవని చెప్పలే అక్కా." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. చెంబు అందుకుని నీళ్లు తాగాను.

నాతో తెచ్చుకున్న మీటరుతో కొలిచాను. తప్పు స్విచ్‌ది కాదు. బోరులోకి దిగిన కేబులు పాతది. మూడు నాలుగు చోట్ల తెగితే అతికి టేపు చుట్టారు. ఆ అతుకుల నుంచి కొద్ది కొద్దిగా కరెంటు ఎప్పుడూ నీళ్లలోకి పోతూనే ఉంది, దానికి మంచు తడి తోడైతే హద్దు దాటుతోంది. మనిషిని ముట్టినా, అతుకు కారినా, స్విచ్‌కు రెండూ ఒకటే. పక్క పొలం రైతును అడిగి అక్కడా కొలిచాను. అదే సంగతి. ఆ పక్కన కూడా అంతే. మా ల్యాబ్‌లో కేబులు కొత్తది. మాకు ఆ సంగతి తట్టనే లేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను కానీ బయట ఏమున్నదో చూడలేదు. ప్రమాణం ఇట్లాగే బయటికి వస్తే ప్రతి పొలంలో ఒక ఎర్ర వైరు ముక్క పడుతుంది. డబ్బా మీద ముద్ర ఉంటుంది, లోపల రక్షణ ఉండదు. 'కొత్త డబ్బా, ఇది కొట్టదు' అన్న ధైర్యంతో రైతు తడి చేతులతో ముట్టుకుంటాడు. అంటే వెనకటి కంటే ప్రమాదం. ఇప్పుడు ఆపమంటే? మళ్లీ పరీక్షలు, మళ్లీ వాదనలు. ఈ వానకాలం కూడా ఇనుప డబ్బాలతోనే గడుస్తుంది. ఆ వానకాలంలో పోయే ప్రాణాలకు కారణం నేనే అవుతాను. ఎటు చూసినా ఎవరో ఒకరు తడి నేల మీద నిలబడి తలుపు తీస్తున్నట్టే కనిపించింది.

రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. పరీక్ష హాల్లో కాపలా ఉన్నప్పుడు ఒక అమ్మాయి అదనపు పేపరు కోసం చెయ్యెత్తి ఎంతసేపు నిలబడిందో, పక్క మాస్టారు పిలిచేదాకా నేను చూడలేదు. ఆ రోజు మధ్యాహ్నమే పెద్దసారుకు ఫోన్ చేశాను. ఆయన మొత్తం విన్నాడు.

"కొలిచినవన్ని రాసి పంపు. మాటల్ల చెప్తే మీటింగుల ఎవ్వలు వినరు."

"సార్, ఆపితే వానలొస్తయి."

"తెలుసు. ముందు రాయి."

మీటింగ్ హైదరాబాద్‌లో. నేను రాసింది అందరి ముందు ఉంది. ఆ అధికారి చాలాసేపు పేజీ వైపు చూసి, అలసిపోయిన గొంతుతో అంది. "మేడం, మొదటి రోజు నుంచి తొందర పెట్టింది మీరే గదా. ఇప్పుడు మీరే ఆపమంటే నేను పైన ఏం చెప్పాలె?"

 "ఏం చెప్పాల్నో నాకు కూడా తెలుస్తలేదు మేడం" అన్నాను. 

తయారీదారుల ఆయన ఊరుకోలేదు. "స్విచ్ తీసేద్దాం. పీడ పోతది." ఇంకొకాయన "ఇప్పుడు ఇట్లనే కానిద్దాం, తర్వాత సవరిద్దాం" అన్నాడు.

పెద్దసారు తల అడ్డంగా ఊపాడు. "తర్వాత అని పెట్టినవి తర్వాత ఎవ్వరు ముట్టుకోరు. ఒకసారి డబ్బాలు పొలాలకు చేరినంక ఎవరు వాపసు తెస్తరు?" కాసేపు కాగితాలు తిప్పి అధికారిని అడిగాడు. "అమ్మా, ఈ స్విచ్ సంగతి పక్కన పెట్టు. మిగతా పేజీల మీద ఎవరికన్న పేచీ ఉన్నదా? డబ్బా మందం, తలుపు, ఎర్త్, నీళ్ల పరీక్ష?"

ఎవరికీ లేదు.

"ఎప్పటి నుంచి లేదు?"

ఆమె తన దగ్గరున్న పాత ప్రతులు తిరగేసింది. "చలికాలం నుంచి సార్."

 పేచీ లేని పేజీలను పేచీ ఉన్న పేజీ కోసం అన్ని నెలలు కూర్చోబెట్టాం. అన్నీ కలిపి ఒక్కసారే పంపాలని ఎవరూ చెప్పలేదు. అట్లాగే పంపాలని అందరం అనుకున్నాం, అంతే.

ఆ పూట ప్రమాణాన్ని రెండు ముక్కలు చేశాం. డబ్బా, తలుపు, ఎర్త్ మొదటి భాగం. అది వెంటనే పోతుంది. లీకేజీ స్విచ్ రెండో భాగం. దాన్ని ఒక వానకాలమంతా పొలాల్లో పెట్టి చూసినాకే రాస్తాం. తర్వాత స్విచ్ పెట్టాల్సి వస్తే డబ్బా మార్చాల్సిన పని లేకుండా, లోపల ఖాళీ జాగా వదిలెయ్యాలని నేనడిగాను. ఎంత జాగా అన్నదాని మీద సాయంత్రం దాకా కూర్చున్నాం. పెద్దసారు ఒక్కో కొలత గట్టిగా చదివి మళ్లీ మళ్లీ అడిగాడు. ఆ రోజు నేను గడియారం చూడలేదు.

మొదటి భాగం బయటికి వచ్చేసరికి తొలకరి పడింది. ప్రమాణం రావడం వేరు, డబ్బా రావడం వేరు. అచ్చులు పోయాలి, పరీక్షలు గెలవాలి, కొనాలి, ఊళ్లకు చేరాలి. ఈ లోపు మేము ధర్మసాగర్ వైపు, ములుగు దారిలో, తొర్రూరు చుట్టూ కొన్ని పొలాల్లో రకరకాల స్విచ్‌లు పెట్టి తిరిగి చూస్తున్నాం. ములుగు వైపు జీపుల్లో పోయేటప్పుడు కొన్నిసార్లు వాన మొదలయ్యేది. దారి పక్క పొలాల్లో స్తంభాలకు వేలాడే ఇనుప డబ్బాలు కనబడేవి. వాటి వైపు చూడకుండా ఉండలేకపోయేదాన్ని.

పత్తి పూత మీదున్నప్పుడు చెల్లె ఫోన్ చేసింది. వాళ్ల పక్క ఊళ్లో ఒక రైతు మోటరు పెట్టబోయి చనిపోయాడు. పాత డబ్బా. తలుపు.

"మీ కొత్త డబ్బాలు ఇంక రాలేదాయె అక్కా" అంది. ఆమె తప్పు పట్టలేదు. ఉన్నమాట అంది.

ఆదివారం చెల్లెతో కలిసి ఆ ఇంటికి పోయాను. ఎందుకు పోయానో నాకే సరిగ్గా తెలియదు. ఇంటి ముందు టెంటు ఇంకా విప్పలేదు. ఆయన భార్యది నా వయసే ఉంటుంది. నేను ఫలానా పని చేస్తానని చెల్లె చెప్పింది. ఆమె నా వైపు కొంచెంసేపు చూసింది.

"మా కొడుకు రేపటి సంది బాయికాడికి పోవాలె. మీరు చేసే డబ్బా అయితె కొట్టదా అమ్మా?"

కొట్టదు అని నోటి దాకా వచ్చింది. ఆ మాట చెప్తే ఆమెకు ఎంత నిమ్మళంగా ఉండేదో! కానీ ఆ ఎర్ర వైరు ముక్క కండ్ల ముందు కదిలింది.

"తలుపు ముడితే కొట్టదు" అన్నాను. "తలుపు తీసి లోపల చెయ్యి పెడితే మాత్రం చెప్పలేను. స్తంభం దగ్గర ఫ్యూజు తీసినాకనే లోపల ముట్టుమనండి."

ఆమె తలూపింది. కొడుకును పిలిచి నా ముందే మళ్లీ ఒకసారి చెప్పించింది.

వరంగల్ వచ్చినాక పెద్దసారుకు ఫోన్ చేశాను. "ఆ పేజీలు చలికాలంల్నే పంపి ఉంటే ఈ మనిషి బతికేటోడా సార్?"



"తెల్వదమ్మా. డబ్బా ఆ ఊరికి చేరేదో లేదో. చేరినా ఆయన బోరుకు పెట్టేటోళ్లో లేదో. నేను గుడ గదే ఆలోచిస్తాన్న." తర్వాత నెమ్మదిగా అన్నాడు. "రెండో భాగం మాత్రం తొందరపడి రాయొద్దు. గట్లని కూసోవద్దు."

రెండో భాగానికి అనుకున్నదానికంటే ఎక్కువ కాలం పట్టింది. పొలాల్లో చూసినవన్నీ ఒకలాగా లేవు. ఒక చోట నిలబడ్డ స్విచ్ ఇంకో చోట పడిపోయేది. చివరికి, కొద్దిపాటి కారుడుకు పడిపోకుండా, మనిషికి ప్రమాదమయ్యే లోపు తెగిపోయేటట్టు మధ్యన ఒక హద్దు రాశాం. అది నేను మొదట కోరినంత గట్టిది కాదు. దానికి తోడు ఇంకో నియమం పెట్టాం: డబ్బా బిగించేవాడు ముందు బోరు కేబులు కారుడు కొలవాలి, హద్దు దాటితే అతుకులు బాగుచేసినాకే స్విచ్ కలపాలి. దీన్ని అమలు చేయడం కష్టమని తయారీదారుల ఆయన అన్నాడు. అతని మాటలో నిజం ఉంది. అయినా పెట్టాం. సంతకం చేశాను. ఆ హద్దు ఎక్కడో ఎవరికో సరిపోకపోతే అన్న గుబులు ఇప్పటికీ ఉంది.

"తప్పులుంటే ఎట్ల సార్?" అని అడిగితే పెద్దసారు మొదటిసారి నవ్వాడు. "ఉంటయి. సవరణ ఎవరు అడగొచ్చో, ఎట్ల అడగొచ్చో చివరి పేజీల రాసినం గద. నేనుంటనో ఉండనో, నువ్వే అడుగు."

మరిది బోరు కేబులుకు కొత్త అతుకులు వేయించాడు. ఎర్ర వైరు తనే తీసి పారేశాడు. కొత్త స్విచ్ చాలావరకు పడిపోకుండా నిలబడుతోంది. మొన్న వానలో మాత్రం ఒకసారి పడిపోయిందని పొద్దున్నే ఫోన్ చేశాడు.

"మల్ల వైరు కలిపినవా?" అన్నాను.

"లే వదినె. లైన్‌మన్‌కు చెప్పిన, వస్తానన్నడు."

మధ్యాహ్నం దాకా అతని నుంచి కబురు లేదు. క్లాసు అయిపోగానే మెట్ల మీద నిలబడి నేనే చేశాను. లైన్‌మన్ వచ్చి అంతా చూశాడట. ఏమీ దొరకలేదట. మళ్లీ పెడితే నిలబడిందట. అది ఎందుకు పడిపోయిందో అతనికీ తెలియదు, మరిదికీ తెలియదు, నాకూ తెలియలేదు. ఆ సాయంత్రం ల్యాబ్‌లో కూర్చుని, వాన ఎంత పడిందో, పొలంలో నీళ్లు ఎక్కడి దాకా ఉన్నాయో, స్విచ్ ఏ వేళకు పడిందో మరిదిని అడిగి అడిగి రాసి, కమిటీకి పంపాను.